గొంతు కాన్సర్‌కు రేడియేషన్: ఐఎంఆర్‌టీ, వీమ్యాట్, ప్రోటాన్‌లలో ఏది?

మీ ప్రశ్న సారాంశం నాకు అర్థమైనంతవరకు ఇది. మీ నాన్నగారికి 61 ఏళ్లు. కుడి టాన్సిల్‌లో మొదలైన కాన్సర్ అదే వైపు మెడలోని లింఫు గ్రంథుల్లోకి పాకింది. 35 సిట్టింగుల రేడియేషన్, దానితోపాటు వారానికొకసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇవ్వాలన్నారు. ఒక ఆసుపత్రి ఐఎంఆర్‌టీ (కిరణం తీవ్రతను చోటును బట్టి మార్చే పద్ధతి) చేస్తామంది, రెండోది వీమ్యాట్ ఇంకా మేలంది, బంధువులేమో ఎక్స్‌రేలకు బదులు ప్రోటాన్ కణాలు వాడే రేడియేషన్ దొరికేదాకా ఆగమంటున్నారు. పైగా రెండు పళ్లు తీయించాకే మొదలుపెడతామన్నారని, ఈలోపు జబ్బు ముదురుతుందేమోనని మీ భయం. నేను మెడికల్ ఫిజిసిస్టును. రేడియేషన్ ప్లాన్లు వేయడం, యంత్రం ఇచ్చే డోసు సరిచూడడం ఇరవై రెండేళ్లుగా నా పని, అందులో సగం తల, మెడ కాన్సర్లే. జబ్బు దశ, మందుల సంగతి మీ డాక్టరుగారే చెప్పాలి. రేడియేషన్‌ను ఎలా అందిస్తారు, ఏ పద్ధతికి ఏ లాభం అన్నది మాత్రం నేను వివరంగా చెప్పగలను.

ముందుగా ఒక చిక్కు విప్పేస్తాను. ఐఎంఆర్‌టీ, వీమ్యాట్ అనేవి ఒకదానికొకటి పోటీ కావు, వీమ్యాట్ ఐఎంఆర్‌టీలోనే ఒక రకం. మొదటి ఆసుపత్రిలో యంత్రం ఏడు లేదా తొమ్మిది కోణాల దగ్గర ఆగి ఆగి కిరణాలు పంపుతుంది, రెండో ఆసుపత్రిలో ఆగకుండా చుట్టూ తిరుగుతూ పంపుతుంది. టోమోథెరపీ అన్న పేరు వింటే అదీ ఈ కుటుంబంలోదే, సీటీ యంత్రంలా రింగులో తిరుగుతూ, బల్ల లోపలికి జరుగుతుండగా డోసు ఇస్తుంది. అంటే మీకు రెండు ఆసుపత్రులు చెప్పింది ఒకే వైద్యం. నిజమైన తేడాలు వేరే చోట ఉన్నాయి, వాటిలో కొన్ని యంత్రం పేరులో కనిపించేవి కావు.

గొంతు భాగం ఎందుకంత కష్టమో తెలిస్తే ఈ పద్ధతులన్నీ ఎందుకు పుట్టాయో తెలుస్తుంది. టాన్సిల్ గడ్డకు ఇవ్వాల్సిన డోసు 70 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోసును కొలిచే ప్రమాణం), రోజుకు 2 గ్రే చొప్పున 35 రోజులు. దానికి కొద్ది సెంటీమీటర్ల వెనుకే వెన్నుపాము ఉంది, దానికి 45 నుంచి 50 గ్రే దాటనివ్వకూడదు, దాటితే ఎప్పుడో నెలల తర్వాత కాళ్లూ చేతులూ చచ్చుబడే ప్రమాదం ఉంది. జబ్బు కంటికి కనిపించని మెడ గ్రంథులకు కూడా 50 నుంచి 56 గ్రే దాకా ఇవ్వాలి, అవి వెన్నెముకను ముందునుంచీ రెండు పక్కలనుంచీ గుర్రపు నాడాలా చుట్టుకొని ఉంటాయి. రెండు చెవుల కింద పరోటిడ్ గ్రంథులు, దవడ కింద మరో జత లాలాజల గ్రంథులు, మింగడానికి ముడుచుకునే గొంతు కండరాలు, స్వరపేటిక, దవడ ఎముక, నోటి లోపలి పొర, వీటన్నిటికీ వీలైనంత తక్కువ తగలాలి. నాడా ఆకారంలో డోసు పోసి, నాడా నడుమ ఉన్న వెన్నుపామును మాత్రం తడవకుండా ఉంచడమే మా రోజువారీ లెక్క.

పాతరోజుల్లో ఇది సాధ్యమయ్యేది కాదు. మనవాళ్లు ఇప్పటికీ రేడియేషన్‌ను ‘కరెంటు పెట్టడం’ అంటారు, అందులో కరెంటేమీ లేకపోయినా. ఆ మాట పాతుకుపోయిన కాలంలో కోబాల్ట్-60 యంత్రంతో కుడినుంచి ఒక కిరణం, ఎడమనుంచి ఒక కిరణం ఎదురెదురుగా పెట్టేవారు. 44 గ్రే దగ్గరకు రాగానే వెన్నుపాముకు అడ్డు పెట్టి, మెడ వెనుక భాగాన్ని లోతుకు పోని ఎలక్ట్రాన్ కిరణాలతో పూర్తిచేసేవారు. దానితోనూ ఎంతోమందికి జబ్బు నయమైంది, ఆ మాట మరువకూడదు. కాని రెండు పరోటిడ్లూ పూర్తిగా కిరణాల దారిలోనే ఉండేవి కాబట్టి జీవితాంతం నోరు ఎండిపోయేది. పక్కన నీళ్ల సీసా లేకుండా అన్నం ముద్ద మింగలేకపోవడం, రాత్రి నాలుక అంగిలికి అతుక్కొని మెలకువ రావడం, పళ్లు ఒక్కొక్కటిగా పుచ్చిపోవడం ఆ కాలపు రోగుల్లో మామూలు విషయం. తర్వాత వచ్చిన త్రీడీ పద్ధతిలో సీటీ స్కాన్ చూసి ప్రతి కిరణాన్నీ గడ్డ ఆకారానికి కత్తిరించడం మొదలైంది. అయితే కిరణం లోపల తీవ్రత అంతటా ఒకటే కావడంతో నాడా వంపు మాత్రం రాలేదు.

ఐఎంఆర్‌టీ ఆ వంపు తెచ్చింది. లినాక్ (రేడియేషన్ ఇచ్చే ఎక్స్‌రే యంత్రం) తలలో ఎదురెదురుగా రెండు వరుసల టంగ్‌స్టన్ రేకులుంటాయి, చాలా యంత్రాల్లో ఒక్కో రేకు రోగి దగ్గర అరసెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు వెడల్పును అడ్డుకుంటుంది. కిరణం వెలుగుతుండగా ఈ రేకులు కదులుతూ ఒకే కిరణంలో కొంత భాగాన్ని ఎక్కువసేపు, కొంత భాగాన్ని తక్కువసేపు పోనిస్తాయి. ఏ రేకు ఎప్పుడు ఎక్కడుండాలో మనిషి లెక్కవేయలేడు. గడ్డకు ఇంత కావాలి, వెన్నుపాముకు ఇంత దాటకూడదు, పరోటిడ్ సగటు ఇంతలో ఉండాలి అని మేము షరతులు రాసిస్తే కంప్యూటర్ వెనక్కి లెక్కకట్టుకుంటూ వస్తుంది. గడ్డకు 70, అనుమానమున్న చోట 60, ముందుజాగ్రత్తకు 54 లేదా 56 గ్రే చొప్పున మూడు డోసులనూ అవే 35 సిట్టింగుల్లో ఒకేసారి ఇవ్వడం కూడా దీనితోనే వీలైంది.

దీని లాభం ఎంతో కొలిచిన పరీక్షల్లో అందరూ చెప్పుకునేది బ్రిటన్‌లో జరిగిన పార్‌స్పోర్ట్, ఫలితాలు 2011లో వచ్చాయి. 94 మంది గొంతు కాన్సర్ రోగులను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసి సగం మందికి పాత పద్ధతి, సగం మందికి ఐఎంఆర్‌టీ ఇచ్చారు. ఏడాది తర్వాత చెప్పుకోదగ్గ స్థాయిలో నోరెండిపోయినవారు పాత పద్ధతిలో 74 శాతం, ఐఎంఆర్‌టీలో 38 శాతం. జబ్బు అదుపులో గాని, బతికినవారి సంఖ్యలో గాని తేడా కనబడలేదు. ఈ రెండో వాక్యాన్ని కూడా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే కొత్త యంత్రం పేరు చెప్పగానే చాలామంది దానితో జబ్బు ఎక్కువ నయమవుతుందనుకుంటారు. ఐఎంఆర్‌టీ ఇచ్చేది నయమయ్యాక తినగలిగే నోరు. మీ నాన్నగారి ప్లాన్ త్రీడీలో చేస్తామన్నా అది తప్పుడు వైద్యమని నేననను గాని, రెండువైపులా మెడకు డోసు ఇవ్వాల్సిన టాన్సిల్ కాన్సర్‌కు ఐఎంఆర్‌టీ అందుబాటులో ఉన్నచోట దాన్ని వదులుకోవద్దంటాను.

లాలాజలం తర్వాత అందరి దృష్టీ మింగడం మీదికి మళ్లింది. ఐఎంఆర్‌టీలోనే గొంతు కండరాలకు ప్రత్యేకంగా డోసు తగ్గించి చూసిన డార్స్ పరీక్ష ఫలితాలు 2023లో వెలువడ్డాయి. 112 మందిలో, ఏడాది తర్వాత రోగులే స్వయంగా ఇచ్చుకున్న మింగుడు మార్కులు వందకు సగటున మామూలు ఐఎంఆర్‌టీలో 70.6 ఉంటే, కండరాలను కాచిన ప్లాన్లలో 77.7 ఉన్నాయి. రెండు జట్లకూ వాడినవి ఒకే తరహా యంత్రాలు. ప్లాన్ వేసేటప్పుడు ఆ కండరాలను తెరమీద విడిగా గీసి, వాటికి షరతు పెట్టారా లేదా అన్నదొక్కటే తేడా.

ఐఎంఆర్‌టీకి చెల్లించే మూల్యం ఒకటుంది, దాన్ని ముందే చెప్పేవారు తక్కువ. డోసు మాయమైపోదు, ఒకచోట తప్పిస్తే మరోచోట పడుతుంది. పాత పక్క కిరణాల్లో తగలని తల వెనుక కింది భాగానికి, నోటి ముందు భాగానికి ఇప్పుడు కొద్దికొద్దిగా తగులుతుంది. అందుకే తల వెనుక కింది భాగంలో అడ్డంగా ఒక పట్టీలా జుట్టు ఊడుతుంది, అది చూసి ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. ప్లాన్ తయారుకావడానికి నాలుగైదు రోజులనుంచి వారం పైన పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, డోసు గడ్డ అంచు దాటగానే నిటారుగా పడిపోతుంది కాబట్టి గురి తప్పితే క్షమించదు. ఎదురెదురు కిరణాల్లో రోగి అరసెంటీమీటరు జరిగినా గడ్డ కిరణంలోనే ఉండేది, ఇక్కడ ఉండకపోవచ్చు.

ఇక వీమ్యాట్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. నాణ్యతలో మంచి ఐఎంఆర్‌టీ ప్లాన్‌తో సమానం, సమయం మాత్రం చాలా తక్కువ. ఆగి ఆగి ఇచ్చే పద్ధతిలో పది పదిహేను నిమిషాలు పట్టేది దీనిలో రెండు చుట్లతో కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. ముఖానికి మాస్కు బిగించుకొని, గొంతులో చిక్కటి తెమడతో, మింగలేక వెల్లకిలా పడుకున్న మనిషికి ఆ పది నిమిషాల తేడా చిన్నది కాదు. తక్కువసేపు పడుకుంటే తక్కువ కదులుతారు కూడా. రెండు ఆసుపత్రులూ మిగతా అన్నిటిలో సమానమైతే ఈ ఒక్క కారణంతో వీమ్యాట్ ఎంచుకోవచ్చు, సమానం కాకపోతే ఇది నిర్ణయాన్ని మార్చేంతటి కారణం కాదు.

అన్ని గొంతు కాన్సర్లకూ ఇదంతా అక్కర్లేదని కూడా చెప్పాలి. స్వరతంత్రి మీద మాత్రమే ఉన్న తొలిదశ కాన్సర్‌లో మెడ గ్రంథులకు డోసు ఇవ్వనక్కర్లేదు. సుమారు 5 లేదా 6 సెంటీమీటర్ల చదరంలో రెండు పక్కలనుంచీ మామూలు కిరణాలు పెట్టి, రోజుకు 2.25 గ్రే చొప్పున 28 రోజుల్లో 63 గ్రే ఇస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఆ చోట జబ్బు పోతుంది. మెడలోని కెరోటిడ్ ధమనులను కాపాడేందుకు కొందరు దానికీ ఐఎంఆర్‌టీ వాడతారు, మింగినప్పుడల్లా పైకీ కిందికీ జరిగే స్వరపేటికకు గురి మరీ బిగించడం మంచిది కాదని మరికొందరు వద్దంటారు. నేను రెండో పక్షం వైపు కొంచెం మొగ్గుతాను. మీ నాన్నగారిది ఆ కోవలోది కాదు కాబట్టి దాన్ని ఇక్కడితో వదిలేస్తాను.

ప్రోటాన్ సంగతికి వద్దాం. ఎక్స్‌రే కిరణం శరీరంలోకి వెళ్లి, గడ్డను దాటి, అవతలివైపు బయటికి పోతూ దారి పొడవునా డోసు వదులుతుంది. ప్రోటాన్ తన శక్తిని బట్టి ఒక లోతుకు వెళ్లి, అక్కడ ఎక్కువ డోసు దించి, ఆగిపోతుంది. అందువల్ల నోటి ముందు భాగం, అవతలివైపు గ్రంథులు, మెదడు వెనుక భాగం చాలావరకు తప్పించుకుంటాయి. కాగితం మీద ఇది ఎంతో అందంగా కనిపిస్తుంది. అయితే ఆ ఆగే చోటు దారిలో ఉన్న పదార్థాన్ని బట్టి మారుతుంది. రోగి బరువు తగ్గి మెడ సన్నబడినా, ముక్కు వెనుక గాలి ఉన్నచోట చీము చేరినా, దవడ కోణం మారినా ప్రోటాన్ అనుకున్న చోట ఆగదు. అందుకని ప్రోటాన్ వైద్యంలో ప్లాన్‌ను మధ్యలో సరిచూసి మార్చాల్సిన అవసరం ఎక్కువ పడుతుంది.

ఫలితాల విషయంలో చిత్రం ఇంకా తేటపడలేదు. అమెరికాలో ఎండీ ఆండర్సన్ కేంద్రం నడిపిన పెద్ద పరీక్షలో 440 మంది గొంతు కాన్సర్ రోగులకు ఐఎంఆర్‌టీని, తీవ్రత మార్చే ప్రోటాన్‌ను పోల్చారు. 2024లో ప్రకటించిన ఫలితాల్లో జబ్బు అదుపులో ప్రోటాన్ వెనుకబడలేదు, ఆహారగొట్టం మీద ఆధారపడాల్సి వచ్చినవారు 42 శాతం నుంచి 28 శాతానికి తగ్గారు. బ్రిటన్‌లో ఇదే ప్రశ్నతో జరిగిన టోర్పీడో పరీక్షలో మాత్రం ఏడాది తర్వాత రోగుల జీవన నాణ్యతలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అక్కడ ఐఎంఆర్‌టీ జట్టు ఫలితాలు కూడా బాగుండడం ఇందుకు ఒక కారణమని నా అభిప్రాయం. మంచి ఐఎంఆర్‌టీతో పోలిస్తే ప్రోటాన్ లాభం కొద్దిపాటిది, పేలవమైన ఐఎంఆర్‌టీతో పోలిస్తే పెద్దది. ప్రోటాన్ మీకు దగ్గరలో, వెంటనే, భరించగలిగే ఖర్చులో దొరికితే నిరభ్యంతరంగా తీసుకోండి. దానికోసం నెలా రెండు నెలలు ఆగడం మాత్రం వద్దేవద్దు, ఈలోపు గడ్డ పెరిగితే ఏ యంత్రమూ ఆ నష్టం పూడ్చదు.

మీరు అడగని విషయం ఒకటి చెబుతాను, నా దృష్టిలో అసలు విషయం అదే. ప్లాన్ వేయకముందు డాక్టరు సీటీ బొమ్మల మీద గడ్డ ఎక్కడిదాకా ఉంది, ఏ గ్రంథులకు డోసు ఇవ్వాలి, వేటిని కాపాడాలి అని ఒక్కో పొర మీదా గీతలు గీస్తారు. మూడు మిల్లీమీటర్లకొక పొర చొప్పున కపాలం అడుగునుంచి కాలర్ ఎముకల దాకా పదుల కొద్దీ పొరలు. పెట్ స్కాన్, ఎమ్మారై పక్కన పెట్టుకొని, తాను ఎండోస్కోపీలో కళ్లారా చూసినది గుర్తు తెచ్చుకుంటూ గీస్తే మూడు నాలుగు గంటల పని. కంప్యూటర్ ఆ గీతను నమ్ముతుంది. గీతలోకి రాని గడ్డకు డోసు పడదు, ఎంత ఖరీదైన యంత్రమైనా అంతే. ట్రాగ్ 02.02 అనే అంతర్జాతీయ మందుల పరీక్షలో ప్రతి రోగి రేడియేషన్ ప్లాన్‌నూ నిపుణులు తర్వాత తిరగదోడి చూశారు. 2010లో వచ్చిన ఆ విశ్లేషణ ప్రకారం మొదటినుంచీ సరిగ్గా ఉన్న ప్లాన్లతో వైద్యం పొందినవారిలో 70 శాతం మంది రెండేళ్ల తర్వాత బతికి ఉండగా, పెద్ద లోపాలున్న ప్లాన్లు పొందినవారిలో 50 శాతమే ఉన్నారు. కొద్దిమంది రోగులనే చేర్చిన కేంద్రాల్లో లోపాలు ఎక్కువ కనిపించాయి. ఈ రంగంలో కొత్త యంత్రం గాని, కొత్త మందు గాని ఇంత తేడా తేవడం చాలా అరుదు.

కాబట్టి రెండు ఆసుపత్రుల్లోనూ యంత్రం పేరు కాకుండా ఇవి అడగండి. తల, మెడ కాన్సర్లు నెలకు ఎన్ని చేస్తారు, గీతలను రెండో డాక్టరు సరిచూస్తారా, ప్లాన్‌ను యంత్రం మీద కొలిచి చూశాకే మొదలుపెడతారా, రోజూ సిట్టింగుకు ముందు స్కాన్ తీసి గురి సరిచేస్తారా. మీ నాన్నగారి విషయంలో ప్రత్యేకంగా ఇంకొకటి ఉంది. గడ్డ టాన్సిల్‌లోనే చిన్నగా ఉండి నాలుక మొదలుకు గాని, మెత్తటి అంగిలికి గాని పాకకపోతే, మెడలో ఆ వైపు గ్రంథులు కూడా కొద్దిగానే ఉంటే కుడివైపు మాత్రమే డోసు ఇచ్చే వీలుందా అని అడగండి. అది కుదిరే కేసైతే ఎడమ వైపు లాలాజల గ్రంథులన్నీ దాదాపు చెక్కుచెదరకుండా ఉంటాయి, ప్రోటాన్ ఇవ్వగలిగినంత లాభం ఈ ఒక్క నిర్ణయమే ఇస్తుంది. కుదరదంటే వారి మాట వినండి, దానికి కారణాలుంటాయి. ప్లాన్ పూర్తయ్యాక తెరమీద చూపించమంటే చాలామంది చూపిస్తారు. పరోటిడ్ సగటు ఎంత వచ్చిందో అడగండి. కనీసం ఒకవైపు 26 గ్రే లోపుంటే లాలాజలం తిరిగి వచ్చే అవకాశం బాగుంటుంది, గడ్డ దగ్గరగా ఉన్న వైపు అది సాధ్యం కాకపోవచ్చు. గడ్డకు ఇచ్చే డోసులో కోతపెట్టి మరీ పరోటిడ్‌ను కాపాడమని మాత్రం ఎవరూ అడగకూడదు.

మొదలయ్యాక చూడాల్సింది మాస్కు. గోరువెచ్చని కంటే వేడి నీళ్లలో మెత్తబడిన ప్లాస్టిక్ జల్లెడను ముఖం, భుజాల మీద పరిచి చల్లార్చి చేస్తారు, ఆ రోజు అది చర్మానికి అతుక్కున్నట్టు ఉంటుంది. కొన్నేళ్ల క్రితం ఒక పెద్దాయనకు నాలుగో వారంలో మాస్కు బిగించాక మా టెక్నాలజిస్టు నన్ను పిలిచి, గడ్డం కింద తన రెండు వేళ్లు సులువుగా దూర్చి చూపించింది. ఆయన ఏడు కిలోలు తగ్గారు. ఆ రోజు తీసిన స్కాన్‌లో ఎముకలు సరిగ్గానే సరిపోయాయి గాని, మెడ అంచుకూ మాస్కుకూ మధ్య నల్లటి ఖాళీ కనిపించింది, రెండు పరోటిడ్లూ కుంచించుకుపోయి లోపలికి, అంటే ఎక్కువ డోసు ఉన్న వైపుకు జరిగాయి. కొత్త మాస్కు, కొత్త సీటీ, కొత్త ప్లాన్ వేశాం, మధ్యలో ఒక్క సిట్టింగూ ఆపలేదు. అలాగని అందరికీ ప్రతివారం ప్లాన్ మార్చాలనుకోవద్దు. ఫ్రాన్స్‌లో 132 మందిపై జరిగిన ఆర్టిక్స్ పరీక్షలో వారం వారం ప్లాన్ మార్చినందువల్ల లాలాజలం విషయంలో అదనపు మేలు కనబడలేదు. అవసరమైనవారిని గుర్తుపట్టే కన్ను ఉంటే చాలు. బరువు పడిపోకుండా చూడడం మాత్రం మీ చేతిలో ఉంది. మూడో వారంనుంచి నోరు పూసి మింగడం కష్టమవుతుంది, ముక్కు గొట్టం పెట్టాలంటే ఓటమిగా భావించకండి, గొట్టం ఉన్నా రోజూ నాలుగు గుక్కలైనా నోటితో మింగిస్తూ ఉండండి.

సిట్టింగులు తప్పిపోవడం గురించి కూడా హెచ్చరిస్తాను. సుమారు నాలుగో వారం దాటాక మిగిలిన కాన్సర్ కణాలు వేగంగా పెరగడం మొదలుపెడతాయి, అప్పటినుంచి ఆలస్యమయ్యే ప్రతి రోజూ దాదాపు 0.6 గ్రే డోసును వృథా చేసినట్టు లెక్క. దీనికి తిరగేసిన రుజువు డెన్మార్క్‌లో దొరికింది. అదే డోసును వారానికి ఐదు కాకుండా ఆరు సిట్టింగులుగా ఇచ్చి ఒక వారం ముందు ముగిస్తే, ఐదేళ్ల దగ్గర జబ్బు అదుపు 60 శాతం నుంచి 70 శాతానికి పెరిగింది. నేను ఒకప్పుడు పనిచేసిన ఒక కేంద్రంలో యంత్రం చెడి ఐదు రోజులు ఆగింది. సగం మంది రోగులకు ‘చివర్లో ఐదు రోజులు కలుపుతాం’ అని చెప్పి పంపారు, అది తప్పని అప్పట్లో నేనూ గట్టిగా అనలేకపోయాను. చివర్లో కలిపితే డోసు పూర్తవుతుంది గాని కాలం పూడదు. శనివారం ఒక సిట్టింగు గాని, కొన్ని రోజులు కనీసం ఆరు గంటల ఎడంతో రోజుకు రెండు గాని ఇచ్చి అనుకున్న తేదీకే ముగించాలి. ఒకే రకం యంత్రాలు రెండున్న చోట ఈ ఇబ్బంది తక్కువ, ఆ మాట కూడా అడిగి తెలుసుకోండి.

పళ్ల గురించి మీ భయం అక్కర్లేదు. దవడకు అధిక డోసు తగిలాక అదే చోట పన్ను తీస్తే గాయం మానక ఎముక కుళ్లే ప్రమాదం ఏళ్ల తరబడి ఉంటుంది, అందుకే పాడైన పళ్లను ముందే తీసేసి, గాయం మానడానికి సుమారు రెండు వారాలు ఇస్తారు. ఆ రెండు వారాలూ ఖాళీగా పోవు. పళ్లు తీసిన కొద్ది రోజులకే మాస్కు, సీటీ చేయించుకుంటే, చిగురు మానేలోగా గీతలు, ప్లాన్, కొలతలు అన్నీ సిద్ధమవుతాయి. మాస్కు పళ్లు తీయకముందే చేస్తామంటే ఒప్పుకోవద్దు, వాపు వచ్చి తగ్గాక దవడ ఆకారం మారి ఆ మాస్కు మళ్లీ చేయాల్సి వస్తుంది. ఒక ఆసుపత్రిలో మాస్కు చేయించి ఇంకోచోట వైద్యం పొందడం కూడా కుదిరే పని కాదు, కాబట్టి పళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లేలోపే రెండింటిలో ఏదో ఒకటి తేల్చుకోండి.